పైన పెట్టిన ఫైలు

నాకు అన్నిటికన్న ఎక్కువ భయం ఏందో ముందే చెప్త. నొప్పులంటే భయం లేదు, ఒకసారి పడ్డ. కోసి తీస్తరేమో అన్నది కూడ అంత పెద్దది కాదు. ఈసారి కాన్పు బల్ల మీద పండుకొని తల తిప్పి చూస్తే పక్కన అమల అక్క ఉండదు, తెల్వని మొకాలే ఉంటయి, నేను మొత్తుకుంటుంటే ఎవ్వరు రారు. పొద్దుగాల లేస్తే నాకు యాదికొచ్చేది అదొక్కటే.

నిన్న మీకు రాసింది నేను ఆటో ఎక్కినకాడ ఆగింది. ఎనిమిదో నెల చూపిచ్చుకోను సర్కారు దవాఖానకు పోయిన, నా బిడ్డ స్వీటీని ఎంట తీస్కొని. కాన్పుల వార్డు తలుపు మీద సిస్టర్ల పేర్లు రాసిన పలక ఉంటది. మూడేండ్ల కింద స్వీటీ పుట్టినప్పుడు దాని మీద ఆరు పేర్లుండె. ఇప్పుడు రెండే. ఆ రెండిట్ల అమల అక్క పేరు మీద సుద్దతోని అడ్డం గీత కొట్టి ఉన్నది. ఏందమ్మా ఇది అని వార్డు ఊడ్చే ఆయమ్మను అడిగితే, సిస్టర్ రాజీనామా పెట్టింది, శనివారం దాంక వస్తది గంతే అని చీపురు ఆపకుండనే చెప్పింది. ఇంట్ల ఎవ్వరికి చెప్పలే. బిడ్డను సంకనేసుకొని ఉప్పుగూడ ఆటో ఎక్కిన.

కొత్తగ చదివేటోళ్ళకు అక్క ఎవరో చెప్పాలె. ఆమె డాక్టరమ్మ కాదు, ఉత్త నర్సు కూడ కాదు. కాన్పులు చేసుడు ఒక్కటే ఏడాదిన్నర నేర్చుకున్న మిడ్‌వైఫ్. స్వీటీ పుట్టిన దినం నేను పద్నాలుగు గంటలు నొప్పులు పడ్డ. లోపలికి మనోళ్ళను రానియ్యరు. మా ఆయన మహేందర్, మా అత్తమ్మ కొమురమ్మ బయట వరండాల ఉన్నరు. లోపల నేను ఎంత లొల్లి చేసినా అక్క ఒక్కసారి కసురుకోలే. నడుము రుద్దింది, గోడ పట్టిచ్చి నడిపిచ్చింది, చెంచతోని నీళ్ళు తాగిచ్చింది. నేను ఎప్పుడు కండ్లు తెరిసినా అక్క నా కాడనే ఉన్నది. కోత లేదు, కుట్టు లేదు. ధూల్‌పేట్‌ల మా గల్లీ ఆడోళ్ళకు ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పిన్నో నాకే లెక్క లేదు. అక్క నన్ను వదిలిపెట్టి ఎటూ పోలేదని చెప్పుకుంటుంటే నాకు మస్తు గొప్పగ అనిపిచ్చేది.

ఉప్పుగూడ స్టేషన్ ఎనక గల్లీల అక్క ఇల్లు. క్రిస్మస్‌కు కేకు తినను ఒకసారి వచ్చిన కాబట్టి దారి యాదికున్నది. ఒకే వాకిట్ల మూడు పోర్షన్లు, మూడిటికి కలిపి ఒకటే నల్లా. దినం తప్పి దినం నీళ్ళు, అవి కూడ నాలుగింటి నుంచి గంట సేపు. నేను పోయేసరికి సరిగ్గ నీళ్ళ టైము. గచ్చు మీద బిందెలు, బకెట్లు వరుసకు పెట్టి ఉన్నయి. అక్క పొద్దటి డ్యూటీ చేసి వచ్చి, కొంగు నడుముకు దోపుకొని పైపు పట్టుకొని నిలబడ్డది.

నన్ను చూసి ఎందుకొచ్చినవ్ అని అడగలే. "కాళ్ళు చూపియ్" అన్నది.

చీర జర ఎత్తిన. వంగి ఏలుతోని ఒత్తింది. ఒత్తినకాడ గుంట పడ్డది, మళ్ళ పైకి లేవనీకి టైం పట్టింది. బీపీ ఎంతున్నది అని అడిగితే నూటనలభై దాటిందని చెప్పిన. ఇంత వాపుతోని ఆటోల ఊగుకుంట ధూల్‌పేట్ నుంచి దవాఖానకు, దవాఖాన నుంచి ఇక్కడికా అని, స్టూలు తెమ్మని వెస్లీ అన్నను పిలిచింది.

వెస్లీ అన్న అక్క పెనిమిటి. రైల్వేల గ్యాంగ్‌మన్. స్టూలు తెచ్చి, స్వీటీ చేతుల బిస్కెటు పెట్టి, "ఆలస్యమైంది చెల్లె. మీ అక్క దుకాణం బంద్ చేసింది, షట్టర్ గుంజినం" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గని అక్క దిక్కు చూడలే.

నేను ఆటోల కూసొని ఎన్ని మాటలు కూర్చుకున్నో. ఒక్కటి సక్కగ రాలే. ఒక్క నెల ఆగు అక్కా, నా కాన్పు దాంక ఆగు, తర్వాత నీ ఇష్టం అన్న. అక్క నిండిన బిందె పక్కకు జరిపి ఇంకొకటి నల్లా కింద పెట్టింది.

"నీకొక నెల. నీ ఎనక వచ్చేటామెకు ఇంకొక నెల. గట్లనే ఆగుకుంట ఆగుకుంట మూడేండ్లయింది సోనీ."

తర్వాత మెల్లగ, నన్ను సముదాయిస్తున్నట్టు చెప్పుకొచ్చింది. ఆరుగురు కలిసి నేర్చుకున్నరట. నొప్పులు పడే ఆడిమనిషి ఒక్కతుంటే పక్కన మీరొక్కరుండాలె, పుట్టేదాంక ఆమెనే చూసుకోవాలె అని వాళ్ళకు చెప్పిన్రట. మొదటి రెండు నెలలు గట్లనే నడిచిందట. తర్వాత ఒకామె నడుము పోయి ఇంట్ల కూసున్నది. ఒకామె చీరల బేరం పెట్టుకున్నది. ఒకామె ప్రైవేటు దవాఖానకు పోతే అక్కడ కాన్పు చేయనియ్యరు, బీపీ చూసి ఫైళ్ళు మోసుడే పని. నాలుగో ఆమె ఎవ్వరికి చెప్పకుండ ఫోన్ నంబరే మార్చేసింది. పోయినోళ్ళ జాగల కొత్తోళ్ళను ఇయ్యలే. అక్క సోమవారం నుంచి మెయిన్ రోడ్డు మీద ఒక ల్యాబుల నెత్తురు తీసే పనికి పోతున్నది.

"సూది గుచ్చుడు, సీసాల పోసుడు, పేరు రాసుడు. ఇంటికొచ్చినంక ఎవ్వరూ యాదికి రారు" అన్నది.

"నిద్రల ఏళ్ళు మడిచి లెక్కపెడ్తది చెల్లె" అన్నడు వెస్లీ అన్న. "ఎవరి పిల్ల గుండెనో. నేను చెయ్యి పట్టుకుంటే నూటముప్పై అంటది. నా గుండె అంత కొట్టుకుంటే నేను బతుకుతనా?"

నాకు నవ్వు రాలే. నా కడుపుల ఉన్నది తన్నింది, భయానికి నా నోరు చెడ్డదైపోయింది. నీకు ఇంకో నౌకరి దొరికింది, నువ్వు పోతవ్, మరి ల్యాబుకు పోయి కాన్పు చేయించుకోమంటవా మమ్మల్ని అన్న. మా అసుంటోళ్ళను ఎవరి మీద పారేసి పోతున్నవ్ అని అన్న. పైసల కోసమే కద అని కూడ అన్న. ఆ మాట నోట్లకెళ్ళి వచ్చినంక వాపసు గుంజుకుందామన్నా కాలే. వెస్లీ అన్న లేచి నిలబడ్డడు. అక్క చేతితోనే కూసో అన్నట్టు సైగ చేసింది.

"నువ్వు కన్న దినం నీకు ఏం యాదికున్నది సోనీ?"

నువ్వు నన్ను వదిలిపెట్టి ఎటు పోలే, అదే యాదికున్నదని చెప్పిన.

అక్క పైపు ఇంకో బిందెలకు మార్చింది. తర్వాత చెప్పింది.

ఆ దినం వార్డుల తొమ్మిది మంది. రెండో సిస్టర్‌ను ఆపరేషన్ థియేటర్‌కు గుంజుకపోయిన్రు. తొమ్మిది మందికి అక్క ఒక్కతే. నొప్పులు పడే ప్రతి మనిషి కాడికి అర్ధగంటకోసారి పోయి కడుపుల పిల్ల గుండె చప్పుడు ఇనాలె. అంతమందిల ఎవరికి ఎప్పుడు ఇన్నమో తలల ఆగదు. అందుకే అక్కోళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నరు. తలుపు పక్కన బల్ల మీద అందరి ఫైళ్ళు కుప్ప పెట్టుడు. పై ఫైలు తీసి, ఆమె కాడికి పోయి, గుండె ఇని, రాసి, తెచ్చి అడుగున పెట్టుడు. అప్పుడు పైన ఎవరి ఫైలున్నదో వాళ్ళదే వంతు. ఎవరిది ఎక్కువసేపు అయిందో వాళ్ళది తానంతట తానే పైకి వస్తది.

"ఆ దినం కిటికీ కాడ మంచం మీద హుస్సేనీ ఆలం నుంచి వచ్చిన పిల్ల ఉండె. నస్రీన్. నువ్వు ఎంత మొత్తుకున్నవో ఆమె అంత సప్పుడు లేకుండ ఉండె. దుపట్టా నోట్ల పెట్టుకొని కొరుక్కుంట పండుకున్నది. అటు నుంచి పోతుంటే ఠీక్ హైనా, మంచిగున్నవా అంటే, ఠీక్ హూ బాజీ, మంచిగనే ఉన్న అక్కా అన్నది. నేను ఆమె ఫైలు పైకొచ్చినప్పుడు పోదామనుకున్న. ఎంతకూ రాలే. వచ్చి చూసేసరికి గంట నలభై నిమిషాలైంది. గుండె అరవైకి పడిపోయి ఉండె."

వెస్లీ అన్న స్వీటీని ఎత్తుకొని వాకిలి దాటి పోయిండు. ఈ ముచ్చట ఇంతకుముందు ఎన్నోసార్లు ఇన్నట్టున్నది ఆయన నడక.

పిలగాడు బతికిండు. పేరు ఫైజాన్. మా స్వీటీ, వాడు ఒకే దినం పుట్టిన్రు, గంట తేడా. మూడేండ్లకు మా స్వీటీ మెట్లు దిగి గల్లీల ఉరుకుతది. వాడు ఇంక మెడ నిలపలే. ఇంట్ల కిటికీ కాడ పరుపు మీద దిండ్ల నడుమ పండుకోబెడ్తరు. అక్క నెలకోసారి పోయి వాని కాళ్ళు చేతులు ఆడిపిచ్చి వస్తదట. అక్క చెప్పుల చప్పుడు గుర్తుపట్టి వాడు నవ్వుతడట.

"ఆమె నాకు చాయ్ పోస్తది. పైంగ ఉస్మానియా బిస్కెట్లు పెడ్తది. ఒక్కసారన్న తిడితే మంచిగుండు" అన్నది అక్క. "ఎవ్వరూ అడగలే సోనీ. రిజిస్టర్ల రాసినం, సంతకం పెట్టినం, గంతే. తొమ్మిది మందికి ఒక్కతి అంటే ఏ మనిషైనా ఎక్కడో తప్పుతది, నాకు తెల్సు. గని తప్పింది నా చెయ్యి. అలసిపోయి ఆమె ఫైలు నేనే అడుగుకు పెట్టేసిన. మళ్ళ మళ్ళ ఒకటే ఫైలు తీసిన. నీదే, పసుపుబొట్టుది. ఎప్పుడు చూడు అదే పైకొస్తుండె. మొన్న మంగళవారం కుప్ప పదకొండుకు వచ్చింది. పై ఫైలు తీయబోతే నా చెయ్యి వణికింది. ఆ దినమే రాజీనామా రాసిన."

పసుపుబొట్టు అన్నప్పుడు నాకు ఏం తట్టలే. నా ఫైలు మీద బొట్టు పెట్టింది మా అత్తమ్మ. తొలి కాన్పు శుభంగ కావాలని అట్ట మీద ఏలంత బొట్టు పెట్టింది. నాకు అక్క మీదనే పాణమంతా పోతున్నది. నల్లా దిక్కు చూసిన.

గప్పుడే పక్క పోర్షన్ కృష్ణమ్మ బయటికొచ్చింది. అక్క వీపు బిందెల దిక్కున్నది. కృష్ణమ్మ వరుస చూసింది, అక్కను చూసింది. ముందర ఉన్న బకెటును కాలితోని మెల్లగ ఎనుకకు నెట్టి, తన బిందె తెచ్చి ఆ జాగల పెట్టింది. పెట్టి, ఏం తెల్వనట్టు లోపలికి పోయింది. దీనికి ఎవ్వరూ కొట్లాడరు. మూడిండ్ల నల్లా కాడ నీళ్ళొచ్చినప్పుడల్ల ఉండేదే.

నాకు కృష్ణమ్మ చెయ్యి కనపడలే. మా అత్తమ్మ చెయ్యి కనపడ్డది.

మా అత్తమ్మ ఓపీల గని, రేషన్ షాపుల గని, ఆధార్ సెంటర్ల గని చీటీ ఎప్పుడూ కింద పెట్టదు. పైది తీసి అడుగుకు తోసి తనది పైన పెడ్తది. మనది మనం పైకి పెట్టుకోకుంటే ఇంకెవరు పెడ్తరు అంటది. ఆమె చెడ్డది కాదు. పాతికేండ్లు లైన్లల నిలబడి నేర్చుకున్నది అది. స్వీటీ ఇరవై ఒకటో దినం నాడు ఇంటినిండ చుట్టాలున్నప్పుడు చెప్పింది. మొదటి పుట్టినరోజు నాడు చెప్పింది. ఎవరింట్ల కాన్పు ముచ్చటొచ్చినా చెప్తది. ఆయమ్మ అటు పోంగనే వార్డు తలుపుల చెయ్యి పెట్టి, నీ ఫైలు ఎతికి, పైదాన్ని ఇట్ల తీసి అడుగుకు తోసి, నీది పైన ఇట్ల పెట్టిన కాబట్టే సిస్టర్ మాటిమాటికి నీ కాడికి వచ్చింది, లేకుంటే నీ దిక్కు ఎవరు చూసేటోళ్ళు అని. రెండు చేతులతోని చేసి చూపిస్తది. అందరు నవ్వుతరు. నేను కూడ నవ్విన, ప్రతిసారి.

అత్తమ్మకు చదువు రాదు. తొమ్మిది ఫైళ్ళల నాది ఏదో పసుపుబొట్టు పట్టి గుర్తుపట్టింది. పైన ఎవరి ఫైలున్నదో ఆమెకేం తెలుసు. పైన ఉన్నదంటే వాళ్ళ వంతు వచ్చిందని అర్థం, ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పిన్రు?

చెప్పకుంటే అయిపోతది. అదే నాకు మొదలు తోచింది. చెప్తే అక్క నన్ను మళ్ళ ముట్టుకుంటదా? మా ఇంటి మీద ఆ నస్రీనోళ్ళు ఏమంటరు? మహేందర్‌కు తెలిస్తే తల్లిని ఏమంటడు? నేను అక్కను అడగనొచ్చింది నా కాన్పు చేయమని. నోరు మూసుకుంటే, బతిమిలాడితే, ఏమో ఒక నెల ఆగుతదేమో.

అక్క కుడి చెయ్యి చూసిన. పైపు పట్టుకున్న చెయ్యి. ఏళ్ళు మడుస్తున్నది, తెరుస్తున్నది.

"అక్కా, ఆ ఫైలు నువ్వు పెట్టలే" అన్న.

ఆమెకు అర్థం కాలే. మళ్ళ చెప్పిన. మొత్తం చెప్పిన, పసుపుబొట్టు నుంచి. చెప్పుకుంట చెప్పుకుంట మా అత్తమ్మ లెక్కనే రెండు చేతులతోని చేసి చూపిచ్చిన. పైది తీసుడు, అడుగుకు తోసుడు, మనది పెట్టుడు. చూపిచ్చి చేతులు ఒళ్ళ పెట్టుకున్న, మళ్ళ ఎత్తబుద్ధి కాలే.

బిందె నిండి పొర్లుతున్నది. నీళ్ళు నా చెప్పుల కిందికెళ్ళి పోతున్నయి. అక్క మొత్తుకోలే, తిట్టలే. ఫైలు రాసుకునేటప్పుడు అడిగినట్టే అడిగింది.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు అని చెప్తది."

"ఏ టైముకు?"

"దీపాలు పెట్టే యాల్లకు మొదలు. మిగిలినయి తెల్వది."

అక్క పెదాలు కదులుతున్నయి. అరగంటలు కలుపుకుంటున్నదని నాకు సమజైంది. రెండుసార్లు నస్రీన్ వంతు వచ్చి ఉంటది. రెండుసార్లు ఎవ్వరు చూడకుండనే అడుగుకు పోయి ఉంటది.

అక్క బకెటు బోర్లేసి దాని మీద కూసున్నది. "మూడేండ్లు" అన్నది. మళ్ళ అన్నది, మీ అత్తమ్మను ఏమనకు, ఆమె నీ కోసం చేసింది. ఫైళ్ళ కుప్పతోని పిల్లల పాణాలు చూసుకునే గతి మాకు రాకుంటే ఆమె పెట్టనీకి అక్కడ కుప్పే ఉండకపోవు అన్నది. ఈ మాటలు చెప్తుంటే ఆమె గొంతు మంచిగనే ఉన్నది. దాంతోనే నాకు ధైర్యం వచ్చింది. మరి తప్పు నీది కాదు కద, రాజీనామా వాపసు తీస్కో అక్కా అన్న. సిగ్గు లేకుండ అప్పుడు కూడ నా కాన్పు గురించే అన్న.

అక్క లేచి, నల్లా కింద చేతులు పెట్టి మొకం కడుక్కున్నది. కొంగు ఇడిచి తుడుచుకున్నది. చెప్పులేసుకున్నది. గేటు కాడ ఆగి ఎనుకకు తిరిగింది.

"ఇది నస్రీన్‌కు ఎవరు చెప్పాలె సోనీ? నేనా, నువ్వా?"

జవాబు కోసం చూడలే. గల్లీ మలుపు తిరిగి స్టేషన్ దిక్కు పోయింది. నేను స్టూలు మీదకెళ్ళి లేచేసరికే కనపడలే. పిలుద్దామని చూస్తే ఫోన్ కిటికీ మీదనే ఉన్నది.

వెస్లీ అన్న ఆటో మాట్లాడి నన్ను ఎక్కిచ్చిండు. గిట్ల అప్పుడప్పుడు నడుస్తది చెల్లె, రెండు స్టేషన్లు నడిచి వాపసు వస్తది, ఫికర్ చెయ్యకు అన్నడు.

ఇంటికొస్తే మా బొమ్మల షెడ్డు ముందర మహేందర్ గణపతులకు రంగు కొడుతున్నడు, పండుగ ఇరవై దినాలున్నది, తల ఎత్తే తీరిక లేదు. అత్తమ్మ నా కాళ్ళు చూసి ఉప్పునీళ్ళు కాగబెట్టింది. టబ్బుల నా కాళ్ళు పెట్టి, తానే కింద కూసొని రుద్దింది. ఆమె చేతులనే చూసిన. చిన్న చేతులు, గోర్ల సందుల పసుపు. ఆ దినం దవాఖానల నా ఫైలు ఎన్నిసార్లు పైన పెట్టినవ్ అత్తమ్మా అని అడిగిన.

"నాలుగుసార్లు" అన్నది మురుసుకుంట. "ఒకసారి ఆయమ్మ చూసి కసురుకున్నది, అది ఎవ్వరికి చెప్పలే. ఈసారి గూడ నేనే వస్త బిడ్డా. నీది కింద పడనిస్తనా?"

చెప్పనీకి నోరు తెరిసిన, ఆమె నా మడిమె రుద్దుతున్నది, మళ్ళ మూసుకున్న.

ఈ దినం శుక్రవారం. పొద్దుగాల తొమ్మిదింటికి వెస్లీ అన్న ఫోన్ చేసిండు. అక్క రాత్రంత ఇంటికి రాలే. డ్యూటీకి కూడ పోలే. అక్క తల్లిగారింటికి పోయి చూసిండు, చర్చి కాడ అడిగిండు. నస్రీనోళ్ళ ఇల్లు ఆయనకు తెల్వది, అక్క ఎప్పుడూ ఒక్కతే పోయేది. హుస్సేనీ ఆలంల గల్లీ గల్లీ తిరిగిండట. పట్టాల పొంటి కూడ నడిచి చూసొచ్చిన చెల్లె, అటు ఏం లేదు అన్నడు. అది ఎందుకు చూసినవ్ అన్నా అని నేను అడగలే. అడిగితే ఆయన జవాబు చెప్తడని భయమైంది. పోలీస్ స్టేషన్‌కు పోతున్న అని ఫోన్ పెట్టేసిండు.

ఫోన్ పెట్టేసి చూస్తే అత్తమ్మ తలుపు కాడ నిలబడి ఉన్నది. ఇంక దాచనీకి కాలే. మంచం మీద కూసోబెట్టి చెప్పిన.

"ఆ పోరని పేరేంది?" అని మాత్రం అడిగింది.

ఫైజాన్ అని చెప్పిన. ఆ పేరు రెండుసార్లు నోట్ల అనుకున్నది. తర్వాత అర్రల గూట్లకెళ్ళి నా కొత్త ఫైలు తీసింది. దాని మీద కూడ పోయిన నెల బొట్టు పెట్టి ఉన్నది. కొంగు తడిపి తుడుసుకుంట కూసున్నది. పసుపు పోతలేదు, అట్టంతా పాకుతున్నది. అయినా తుడుస్తనే ఉన్నది.

నేను లేవలేను. మా గల్లీ ఆశా వర్కరమ్మ వచ్చి బీపీ చూసింది, నూటయాభై ఆరు. మంచం దిగితే ఇద్దరికీ ముప్పు అన్నది. మహేందర్ బండేసుకొని హుస్సేనీ ఆలం దిక్కు పోయిండు గని, ఏ ఇల్లని ఎతుకుతడు? అక్క మాటల నడుమ చెప్పినంత వరకే నాకు తెలుసు. కమాన్ దాటినంక పిండి గిర్నీ వస్తదట. గిర్నీకి ఎదురుంగ ఆకుపచ్చ తలుపు. కింది కిటికీ కాడ పరుపు మీద మూడేండ్ల పిలగాడు ఎప్పుడూ పండుకొని ఉంటడు, గల్లీల పోయేటోళ్ళ చెప్పుల చప్పుడు ఇనుకుంట.

మొదట్ల రాసిన కద, నా భయం ఏందని. నా పక్కన అక్క ఉండదేమో అని. ఇప్పుడు నా పక్కన ఉండకున్నా సరే, ఎక్కడో ఒకకాడ ఉంటే సాలు.

మీల ఎవరన్న అటు దిక్కు ఉంటే, ఆ తలుపు ఒకసారి కొట్టుర్రి. అమల సిస్టర్ వచ్చిందా అని అడుగుర్రి. లోపల ఉంటే, నస్రీన్‌కు చెప్పాల్సింది సోనీనే అంట, అత్తను తీస్కొని తానే వస్తదంట అని చెప్పుర్రి. అదంతా తర్వాత చెప్పినా మంచిదే. ముందుగాల ఆమె బువ్వ తిన్నదా, ఆమె చెయ్యి ఇంక వణుకుతున్నదా, జర పక్కన కూసొని చూడుర్రి.